నీకూ నాకూ దేవుడికీ మధ్య

వడ్రంగి కొడుక్కి దేవుడి పిలుపు వచ్చిందని అందరికంటే ముందు నమ్మింది వడ్రంగే. చర్చిలో విరిగిన బెంచీలు బాగుచేయడానికి వెళ్తూ కొడుకుని వెంట తీసుకెళ్లేవాడు. తండ్రి చిత్రిక పడుతుంటే వాడు ప్రసంగ వేదిక ఎక్కి, తల ఒక్కటే పైకి కనబడుతుండగా ఖాళీ బెంచీలకు వాక్యం చెప్పేవాడు. నోట్లో మేకులు ఉండగానే తండ్రి "ఆమెన్" అనేవాడు. ఇంటికొచ్చాక భార్యతో, "మనవాడు మామూలోడు కాదే. ఇవాళ నా చేత కూడా తల వంచించాడు" అని మురిసిపోయేవాడు.

తాగొస్తే మాత్రం ఆ మనిషి వేరు. ఒకసారి అలాగే తాగొచ్చి భార్య చెయ్యి విరిచాడు. మెట్ల మీద జారిపడ్డానని ఆమె ఇరుగుపొరుగుకి చెప్పుకుంది. ఆ అబద్ధం పిల్లాడికి మింగుడుపడలేదు. బడి వదలగానే తిన్నగా పాస్టరు గదికి వెళ్లి, జరిగింది జరిగినట్టు చెప్పి, "నాన్న మారాలని ప్రార్థన చేయండి అయ్యగారూ" అని ఏడ్చాడు.

పాస్టరు వాడి తల నిమిరాడు. "ఈ మాట నీకూ నాకూ దేవుడికీ మధ్యే ఉంటుంది బాబూ."

ఆదివారం ఆ మాట ప్రసంగ వేదిక మీదికెక్కింది. "మన మధ్యే ఒకడున్నాడు. దేవుడి ఇంటికి బెంచీలు చేస్తాడు, సొంత ఇంట్లో ఎముకలు విరుస్తాడు. నేను చెప్పడం కాదు, కన్నకొడుకే వచ్చి నా ముందు ఏడ్చాడు." జనం అందరూ వెనక్కి తిరిగారు. వడ్రంగి పాస్టరు వంక చూడలేదు. పక్కనే కూర్చున్న కొడుకు వంక చూశాడు. ఆ చూపులో కోపమన్నా ఉంటే పిల్లాడు తట్టుకునేవాడు. తండ్రి లేచి, చెప్పులేసుకుని, బయటికి నడిచాడు. మళ్లీ ఇంటికి రాలేదు. ఎక్కడో పని చేసుకుంటున్నాడని కొన్నాళ్లు కబురొచ్చింది, తర్వాత పోయాడని వచ్చింది.

కొడుకు ఇక చర్చి గడప తొక్కడని అందరూ అనుకున్నారు. వాడు మాత్రం ఇంకాస్త పెద్దయ్యాక ఆ పాస్టరు దగ్గరికే వెళ్లి, తనని పాస్టరు చదువుకి వేదపాఠశాలకి పంపమని అడిగాడు. పాస్టరు వాడి మొహంలోకి చాలాసేపు చూసి, సరే అన్నాడు.

బట్టలు సర్దుతూ తల్లి అడిగింది: "నువ్వు వెళ్లేది దేవుడి కోసమా, ఆ పాస్టరు కోసమా?"

"ఇద్దరి కోసమూనే అమ్మా."

అది నిజమే. పిలుపు అబద్ధం కాదు, పగా అబద్ధం కాదు. రెండూ ఒకే కాడికి కట్టిన ఎద్దుల్లా అతన్ని లాక్కెళ్లాయి. చావు ఇళ్లలో అతని ప్రార్థన వింటే రాయిలాంటివాళ్లు కూడా కరిగేవారు. సంఘాల తగాదాలు తీర్చాడు, పెద్దల దగ్గర నోరు అదుపులో పెట్టుకున్నాడు, ఎవరు ఏం అడిగినా నవ్వుతూ చేసిపెట్టాడు. జుట్టు నెరిసేసరికి బిషప్పయ్యాడు. అభిషేకం రోజు తల మీద చేతులుంచిన పెద్దల్లో ఆ పాస్టరూ ఉన్నాడు. ఆ చేతి బరువు కింద మోకరిల్లి, కొత్త బిషప్పు పళ్లు బిగించుకున్నాడు.

ఆ ఏడే పాస్టరుని రాళ్ల క్వారీ పక్కనున్న చిన్న చర్చికి బదిలీ చేశాడు. దుమ్ముకి ముసలాయనకి దగ్గు పట్టుకుంది. పనిమీద ఆఫీసుకొస్తే గుమ్మం బయట బల్ల మీద గంటల తరబడి కూర్చోబెట్టేవాడు. ముసలాయన ఒక్కనాడూ నోరెత్తలేదు. ఎదురుతిరగని మనిషిని కొట్టడం నీళ్లని కొట్టినట్టుగా ఉండి, బిషప్పు కసి చల్లారకపోగా ఇంకా రాజుకుంది.

పదవీ విరమణకి కొద్దిరోజుల ముందు ముసలాయన ఆఫీసుకొచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"బిషప్పు గారూ, ఒక్క మాట. నేను ప్రార్థన చేసి చాలా ఏళ్లయింది. పెదాలు కదులుతాయి, అలవాటు మీద మాటలొస్తాయి, లోపల ఏమీ ఉండదు. మా ఆవిడకి కూడా చెప్పలేదు. ఎవరితోనైనా చెప్పుకుందామనిపించింది."

ఇన్నేళ్లకి చేతికి చిక్కాడనుకున్నాడు బిషప్పు. లేచి వెళ్లి భుజం మీద చెయ్యి వేసి, "మన మధ్యే ఉంటుంది లెండి" అన్నాడు మెత్తగా.

వీడ్కోలు ఆరాధనకి క్వారీ చర్చి కిటకిటలాడింది. బిషప్పు వేదికెక్కి, ముందు నాలుగు మంచి మాటలు చెప్పి, తర్వాత గొంతు మార్చాడు. "మీ పిల్లలకి పేర్లు పెట్టిన ఈ మనిషి, మీవాళ్లని మట్టిచేసిన ఈ మనిషి, ఏళ్ల తరబడి ఒక్క ప్రార్థనా చేయలేదు. మీకు వినిపించిందంతా వట్టి పెదాల చప్పుడు. నేను చెప్పడం కాదు, ఆయనే వచ్చి నా ముందు ఒప్పుకున్నాడు."

జనం కొయ్యబారిపోయారు. ముసలాయన తల వంచుకుని కూర్చున్నాడు. బిషప్పు ఆ వంగిన తలని కళ్లారా చూసుకున్నాడు.

అప్పుడు వెనక బెంచీలోంచి బడి పంతులమ్మ లేచింది. "మావారు పోయినప్పటినుంచి నాకూ ప్రార్థన రావడం లేదు అయ్యగారూ. మీకు తెలిస్తే ఏమనుకుంటారోనని నటిస్తూ వచ్చాను. మీదీ నా పరిస్థితేనని తెలిస్తే ఎప్పుడో మీ దగ్గరకొచ్చేదాన్ని." ఆమె ఇంకా నిలబడే ఉంది, పక్క బెంచీలో ఇంకొకతను లేచాడు. కాసేపటికి జనం ముసలాయన చుట్టూ మూగి చేతులు పట్టుకుని ఏడుస్తున్నారు. వేదిక మీద బిషప్పుని పట్టించుకున్నవాళ్లు లేరు.

ఆరాధనయ్యాక, అంగీలు మార్చుకునే చిన్న గదిలో ఇద్దరే మిగిలారు.

"మీరు దాచరని తెలిసే చెప్పాను" అన్నాడు ముసలాయన గుండీలు విప్పుకుంటూ. "మీ నాన్న బయటికి వెళ్లిన రోజు మీ మొహం చూశాను. మీరు వేదపాఠశాలకి పంపమని వచ్చిన రోజూ అదే మొహం."

"తెలిసీ ఎందుకిచ్చారు నా చేతికి?"

"క్షమించమని అడిగితే, బిషప్పు గనక కాదనలేక క్షమిస్తారు. అలాంటి క్షమాపణ నాకెందుకు? కొట్టాలని ఉంది మీకు. కొట్టడానికి ఏదో ఒకటి ఇద్దామనుకున్నాను."

బిషప్పుకి ఒళ్లు మండిపోయింది. బతుకంతా దాచుకున్న దెబ్బ, చివరికి ఆయన దయతలచి పెట్టిందయింది. "నేను క్షమించలేదు" అన్నాడు.

"సరేనండీ" అని ముసలాయన అంగీ మడతపెట్టి, దగ్గుకుంటూ వెళ్లిపోయాడు.

బిషప్పు ఇంటికొచ్చేసరికి సంగతి తల్లి చెవిన పడనే పడింది. "తీరిందా?" అంది.

"లేదమ్మా."

"నీ దగ్గర మనసు విప్పినవాణ్ణి నలుగురిలో నిలబెట్టావు" అందామె.

ఆ కబురు పాస్టర్లందరికీ పాకింది. వాళ్లు మునుపటిలాగే వస్తారు, గోడల మరమ్మతు గురించి, బదిలీల గురించి మాత్రమే మాట్లాడతారు. మొన్నొక కుర్ర పాస్టరొచ్చాడు. కళ్లు ఎర్రబడి ఉన్నాయి. కుర్చీ అంచున కూర్చుని, "మా ఇంట్లో..." అని మొదలుపెట్టి, ఆగి, బిషప్పు మొహంలోకి చూశాడు.

"చెప్పు నాయనా."

"ఏం లేదండీ. ఇటువైపు వచ్చాను, ఊరికే పలకరించి వెళ్దామని" అని లేచాడు.

కూర్చోమందామని బిషప్పు నోరు తెరిచాడు. ఏమని భరోసా ఇస్తే ఆగుతాడో తోచేలోపు, కుర్రాడు దండం పెట్టి గుమ్మం దాటేశాడు.