రెండు తీగల ఇల్లు

మా యువరాజ్ చెవులు మామూలు చెవులు కావు. ఆ సంగతి అతనే మాకు చెప్పాడు. రికార్డులో పాడే మనిషి ఎటు తిరిగి ఊపిరి పీల్చుకుందో కూడా అతనికి తెలుస్తుందట. వంటింట్లోంచి నేను మూడుసార్లు పిలిస్తే మాత్రం వినపడదు. యువరాజ్ నాకు మేనత్త కొడుకు, చిన్నప్పటి నుంచి ఎరిగినవాడు, ఇప్పుడు మొగుడు కూడా. కాబట్టి ఇలా అనే హక్కు నాకు అన్ని వైపుల నుంచీ ఉంది.

పెరంబూరులో మా ఇంటి హాలు పెద్దదేమీ కాదు. అందులో నా భుజాల ఎత్తున రెండు స్పీకర్లు, వాటి మధ్య ఇద్దరు పట్టి ఎత్తాల్సిన ఆంప్లిఫయరు. అవి వచ్చిన రోజే సోఫా వరండాలోకి వెళ్లిపోయింది. ఇంత చేసినా పాట వెనకాల సన్నగా 'గుయ్' మని ఒక మోత మిగిలింది. దాన్ని వదిలించుకోవడానికి యువరాజ్ తీగలు మార్చాడు, స్పీకర్ల కింద నల్లరాతి పలకలు పెట్టాడు, ఒకసారి నన్ను గాజులు తీసేయమన్నాడు. మోత పోలేదు. చివరికి అతనిలాంటి చెవులున్నవాళ్లంతా రాసుకునే ఒక ఫోను గుంపులో, దోషం గోడలో ఉందని తేల్చారు. గోడకున్న ప్లగ్ పాయింటు మారిస్తే కరెంటు శుభ్రపడి సంగీతం విచ్చుకుంటుందట. నెల తిరక్కుండానే ఎక్కడో దేశంకాని దేశం నుంచి నగల పెట్టెలాంటి డబ్బాలో ఒక ప్లగ్ పాయింటు వచ్చింది. దాని ధర యువరాజ్ చెప్పలేదు, నేనూ అడగలేదు. మా కాపురం సజావుగా సాగడానికి ఇలాంటివి కొన్ని కారణాలు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఆ గోడలోని వైరింగు మా మామగారిది. రంగనాథం మామ పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీలో ముప్పై నాలుగేళ్లు రైలు పెట్టెలకు తీగలు బిగించాడు. ఈ ఇల్లు కట్టినప్పుడు ప్రతి స్విచ్చూ తన చేత్తోనే పెట్టాడు. మరో ఎలక్ట్రీషియన్ మా గడప తొక్కడానికి వీల్లేదు. డెబ్బై ఒక్క ఏళ్లు వచ్చినా చొక్కా జేబులో టెస్టర్ లేకుండా పెళ్లికి కూడా వెళ్లడు. వీధిలో ఎవరింట్లో ఫ్యూజు పోయినా ఆయనకే కబురు వస్తుంది. కబురు వచ్చిన రోజు ఆయన మొహం చూడాలి, పదేళ్లు తగ్గిపోతాడు. పోయిన నెల ఎదురింటి అమ్మాసి వాళ్లింట్లో ట్యూబులైటు మార్చడానికి స్టూలు మీద స్టూలు వేసుకుని ఎక్కాడని తెలిసి యువరాజ్ హడలిపోయాడు. అప్పటి నుంచి తండ్రి చేత ఆ పని మాన్పించాలని చూస్తున్నాడు.

"ఆ పాయింటు పాతదైపోయింది నాయినా. కరెంటు దాంట్లోంచి వచ్చేసరికి మురికైపోతా ఉండాది," అన్నాడు యువరాజ్.

"కరెంటుకి మురికేందిరా. అదేమన్నా కూవం కాలవా," అన్నాడు మామ. "నేను వైరింగు చేసిన పెట్టెల్లో వేలమంది కూర్చోని పేపరు చదివినారు. వెలుతురు మురిగ్గా ఉండాదని ఒక్కడూ చెప్పలా."

"సరి, మార్చి చూద్దాం. తేడా తెలిసిందనుకో, ఇంగ నువ్వు టెస్టర్ పట్టగూడదు. స్టూలెక్కగూడదు."

"తేడా తెలవకపోతే?"

"నీ వైరింగు గురించి జన్మలో నోరెత్తను."

"సరి," అన్నాడు మామ.

నాకు భయం వేసింది. స్టూలు సంగతి తలుచుకుంటే యువరాజ్ గెలవాలని ఉంది. కానీ టెస్టర్ లేని మామ పొద్దున లేచి ఏం చేస్తాడు? పేపరు ఎంతసేపు చదువుతాడు? ఆలోచించిన కొద్దీ మామే గెలవాలనిపించింది. ఆ మాట పైకి అంటే ఇంట్లో ఇంకో పందెం మొదలవుతుందని ఊరుకున్నాను.

తీర్పు చెప్పడానికి యువరాజ్ వాళ్లమ్మ, మా గోవిందమ్మ అత్తను కుర్చీలో గోడ వైపు తిప్పి కూర్చోబెట్టారు. కుక్కర్ కూతను బట్టి పప్పు ఉడికిందో లేదో చెప్పగల మనిషి అత్త. పైగా ఉన్నదున్నట్టు మొహం మీద అనేస్తుందని మా చుట్టాల్లో పేరు. అందుకే తండ్రీకొడుకులిద్దరూ ఒప్పుకున్నారు. ఆదివారం పొద్దున కాఫీలయ్యాక ముందు పాత పాయింటు మీద ఒక వీణ రికార్డు వినిపించారు. తర్వాత మామ మెయిన్ ఆపి, పాత పాయింటు ఊడదీసి, కొత్తదాన్ని బిగించడానికి గోడ ముందు కూర్చున్నాడు.

కొత్తదానికి మూడు స్క్రూలున్నాయి. గోడలోంచి వచ్చినవి ఎరుపు, నలుపు రెండే తీగలు. "మూడోదానికి?" అన్నాడు యువరాజ్.

"మూడోదానికి పనేముండాది. ఒకటి పోను, ఒకటి రాను. మూడోది పోయి మిషను ఒంటికి తగులుకుంటాది. మా పెట్టెల్లో తీగ ఒంటికి తగిలిందంటే ఆ బండిని షెడ్డు దాటనిచ్చేవాళ్లం కాదు. తెలిసి తెలిసి ఇంట్లో తగిలిస్తానా?"

రైలు పెట్టె లెక్క అది. తీగలు పెట్టె ఒంటికి ఎక్కడా తగలకూడదు. తగిలితే పెద్ద తప్పు కింద లెక్క. ఆ తప్పు జరగకుండా చూడటానికే మామ ముప్పై నాలుగేళ్లు జీతం తీసుకున్నాడు. అదే శ్రద్ధతో ఇంటిని కూడా రైలు పెట్టెలా కట్టాడు. మూడో స్క్రూకి రావాల్సిన ఎర్తు తీగ మీటరు దగ్గరే ఆగిపోయింది, గదుల్లోకి రానే లేదు. రాగి ఎంత స్వచ్ఛమైందో గంటసేపు చెప్పగల యువరాజ్‌కి కూడా ఇందులో తేడా కనబడలేదు. బుద్ధిగా తలాడించాడు.

మళ్లీ వీణ మొదలైంది. యువరాజ్ కళ్లు మూసుకున్నాడు. వీణ రెండడుగులు ముందుకొచ్చిందన్నాడు. మృదంగం వెనకాల చీకట్లో కూర్చుందన్నాడు. తెర తొలగిపోయిందన్నాడు. అత్త అంతా విని కుర్చీ ఇటు తిప్పింది.

"నీ మృదంగం యాడ కూర్చునిందో నాకు తెలవదు నాయినా. గుయ్ మనేది మాత్రం ముందెట్లో ఇప్పుడూ అట్లే ఉండాది," అంది.

మామ గెలిచాడు. గెలిచానని నవ్వలేదు కూడా, జేబు మీద ఒకసారి చెయ్యి వేసుకుని ఇంకో కాఫీ అడిగాడంతే. యువరాజ్ కొత్త పాయింటు వంక చూస్తూ ఉండిపోయాడు. నాకు జాలేసి, పాట ఆపుదామని ఆంప్లిఫయరు దగ్గరికి వెళ్లాను. దాని ఇనప ఒంటి మీద చెయ్యి పడగానే చురుక్కుమంది.

"ఇది కూడా మన ఫ్రిజ్ మాదిరే కొరకతాదే," అన్నాను, పెద్దగా ఏమీ ఆలోచించకుండా.

"ఏంది కొరికేది?" అన్నాడు మామ.

"ఫ్రిజ్, గ్రైండరు, అన్నీ. పెళ్లయిన కొత్తలో చెప్పినాను కదా మామా. తడి చేతుల వల్లలే అని మీరే చెప్పులేసుకోమన్నారు."

మామ ఇంట్లో కూడా రబ్బరు చెప్పులతోనే తిరుగుతాడు, అది ఫ్యాక్టరీ అలవాటు. చెప్పుల్లేకుండా నిలబడేది దేవుడి గదిలోనే. అక్కడ కరెంటు వస్తువులేమీ లేవు. ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టి, టెస్టర్ తీసి ఆంప్లిఫయరు ఒంటికి ఆనించాడు. టెస్టర్‌లో ఎర్రటి దీపం వెలిగింది.

తర్వాత వంటింట్లోకి నడిచాడు. మేం ముగ్గురం వెనకాలే వెళ్లాం. ఫ్రిజ్ తలుపుకు ఆనించాడు, వెలిగింది. గ్రైండరుకు ఆనించాడు, వెలిగింది. పెరట్లో బట్టల మిషనుకూ వెలిగింది. ప్రతి మిషను లోపలా కొద్దికొద్దిగా కారే కరెంటు, ఎర్తు తీగ లేక, భూమిలోకి దిగిపోవడానికి దారిలేక ఒంట్లోనే నిలబడి ఉంది. ఒంటికి కరెంటు తగలకూడదని అన్నేళ్లు కాపలా కాసిన మనిషి ఇల్లు ఇది.

మామ అత్త వైపు తిరిగాడు. "నిన్ను గూడా కొరకతా ఉండాదా?"

"ఈ ఇంట్లోకి ఫ్రిజ్ వచ్చినప్పటి నుంచీ," అంది అత్త. "కొంగు చుట్టుకోని తలుపు తీస్తా."

"మరి చెప్పలేదేం?"

"మీరు చేసిన వైరింగు గదా. బాధపడ్తారని."

మామ చెప్పులు విడిచి తడి గచ్చు మీద నిలబడి, ఫ్రిజ్ తలుపు మీద చెయ్యి వేశాడు. చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేసింది. మళ్లీ వేశాడు. మూడోసారి వేయబోతుంటే యువరాజ్ పట్టుకుని ఆపాడు. మామ టెస్టర్ తీసి కొడుకు చేతిలో పెట్టాడు.

"నేను గెలవలేదురా. ఈ ఇల్లనే బండిని నేను షెడ్డులోంచి కదలనియ్యగూడదు. ముప్పై ఏండ్లు నడిపినా."

ఆ టెస్టర్ తీసుకోవాలని నెలరోజులుగా చూస్తున్న యువరాజ్, తీరా చేతికొచ్చాక దాన్ని ఎలా పట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డాడు. నాకు ఏడుపొచ్చింది. అత్త ఒక్కతే తొణకలేదు. కొడుకు చేతిలోంచి టెస్టర్ లాక్కుని మొగుడి జేబులో పెట్టింది.

"ముందు తీగ లాగండి. ఎవురు గెలిచిందీ తర్వాత జూసుకుందాం," అంది.

పచ్చ తీగ చుట్ట ఒకటి కొనుక్కొచ్చారు. స్టూలు మీద యువరాజ్, కింద మామ. మీటరు దగ్గర ఆగిపోయిన ఎర్తును ముందు వంటింటికి లాగారు. స్క్రూ ఇంకో సగం చుట్టు తిప్పమని మామ అంటాడు. తిప్పానంటాడు యువరాజ్. తిప్పలేదని ఇద్దరికీ తెలుసు. మధ్యాహ్నానికి వంటిల్లు, పెరడు అయిపోయాయి. మామ అత్తను పిలిచి ఫ్రిజ్ ముట్టుకోమన్నాడు.

అత్త ముందు వేలికొస ఆనించింది. తర్వాత అరచెయ్యి మొత్తం ఆనించి, తలుపును పైనుంచి కిందికి నిమిరింది. "ఎంత నున్నగా ఉండాదో," అంది.

మామ మొహం పక్కకు తిప్పుకుని హాల్లోకి వెళ్లిపోయాడు. ఆంప్లిఫయరు పాయింటుకు కూడా తీగ కలిపాక గుయ్ మనే మోత నిజంగానే పోయింది. వీణ ఒక్కటే వినబడింది. యువరాజ్ మెల్లగా, "ఆ పాయింటు గూడా మంచిది పడింది కాబట్టి..." అని మొదలుపెట్టాడు. నేను చూసిన చూపుకు మిగతాది మింగేశాడు.

సామాన్లు సర్దుతుంటే మామ, "ఈ వీధిలో ఇంకా నాలుగిండ్లుండాయి. అన్నీ నా చేతి పనే," అన్నాడు. రేపు వెళ్లొచ్చులే అన్నాం. వినలేదు. తీగ చుట్ట భుజాన వేసుకుని బయల్దేరాడు. స్టూలు పట్టుకుని యువరాజ్, ఊరికే తోడుగా నేను.

మొదటి ఇల్లు వల్లిది. బడి వంటశాలలో పనిచేస్తుంది, మా అత్తకు బాగా కావలసిన మనిషి. ఆమె తలుపు తీయగానే మామ కూర్చోకుండానే చెప్పేశాడు. "మీ ఇంట్లో నేను చేసిన వైరింగు తప్పమ్మా. తెలవక చేసినా. మిమ్మల్ని గూడా ఫ్రిజ్ కొరకతా ఉండాలే."

వల్లి మామను చూసి, ఆయన భుజం మీదుగా నన్ను చూసింది. "గోవిందమ్మక్కే చెప్పేసిందా?" అంది.

"ఏం చెప్పడం?" అన్నాడు మామ.

"మీ చెవిన బడనియ్యొద్దని మా నాలుగిండ్లోళ్ల దగ్గరా ఒట్టేయించుకునింది కదన్నా. ఏండ్లయిపోయింది. కొరికితే కొంగు చుట్టుకోండి, మా ఇంటాయన దగ్గర మాత్రం అనొద్దండి అనింది. మేం గూడా ఎప్పుడూ అనలా."

మామ గడప మీదే నిలబడిపోయాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు. యువరాజ్ స్టూలు కింద పెట్టి తండ్రి వీపు మీద చెయ్యి వేశాడు. మామ తీగ చుట్టను భుజం మీద సర్దుకుని, "మీటరు యాడుండాదమ్మా," అని అడిగాడు, తన చేత్తో తాను బిగించిన మీటరు బోర్డు ఎక్కడుందో తెలియని మనిషిలా.