విత్తనం పుచ్చుకున్న ఇల్లు

నాలో ఒక సుగుణం ఉంది. ఎదుటివాడు తప్పు మాట అంటే ఊరుకోను, అక్కడికక్కడే దిద్దుతాను. మా ఇంటిని చూసి ఎవరైనా "బండి భలే ఉంది సార్" అంటే, "బండి కాదు బాబూ, ఇల్లు" అంటాను. టోల్‌గేటు దగ్గర అన్నాను, డీజిలు బంకులో అన్నాను, గోదావరి వంతెన మీద ఆపిన పోలీసాయనతో కూడా అన్నాను. "ఇల్లయితే నడిరోడ్డు మీద ఎందుకు కట్టారు, పక్కకి తియ్యండి" అన్నాడాయన. ఇలా లోకాన్ని దిద్దడంలో నాకెంత ఓపికో మా ఆవిడ హైమకు బాగా తెలుసు. అలాంటప్పుడు ఆమె నిద్రపోతున్నట్టు కళ్లు మూసుకుంటుంది.

సత్తుపల్లిలో ఎరువుల కొట్టు అప్పగించేసి, ఉన్న ఇల్లు అమ్మేసి, ఒక పాత టూరిస్టు వ్యాను కొన్నాను. సీట్లు పీకించి మడత మంచం, గ్యాసు పొయ్యి, చేతులు కడుక్కునే తొట్టి పెట్టించాను. నెత్తిన సోలారు పలక. హైమ వంట చేస్తుంటే నేను కాళ్లు ముడుచుకోవాలి. నేను కాళ్లు చాపితే హైమ కిందికి దిగాలి. ఈ ఒక్క చిన్న ఇబ్బంది తప్ప రాజభవనం.

రెండేళ్లు తిరిగాం. హైమ అడిగింది ఒక్కటే. ఒక్క వానాకాలం ఒక్కచోట ఉందామని. "కన్యాకుమారి అయ్యాక" అన్నాను. కన్యాకుమారి అయ్యాక "కాశ్మీరు అయ్యాక" అన్నాను. దేశం ఇంకా పెద్దదయి ఉంటే ఇంకొన్ని ఊళ్ల పేర్లు చెప్పేవాణ్ణి.

భద్రాచలం దాటి, చర్ల పొలిమేరలోకి రాగానే ఇంటి కింద నుంచి కాలిన వాసన వచ్చింది. నలుగురు తోస్తే రోడ్డు పక్కన ధన్‌సింగ్ మెకానిక్ షెడ్డు ముందుకొచ్చి ఆగింది. ధన్‌సింగ్ కిందికి దూరి, బయటికొచ్చి, ముందు టీ తెప్పించాడు. దాన్నిబట్టే నాకు రోగం పెద్దదని అర్థమైంది.

"క్లచ్ ప్లేట్ కాలిపోయింది సార్. ఖమ్మం నుంచి రావాలె."

"ఎప్పుడొస్తుంది?"

"బస్సు డ్రైవర్ యాదికుంచుకుంటే రేపు."

డ్రైవరు యాదికుంచుకున్నాడు. తెచ్చింది మాత్రం ఇంకేదో బండిది. మళ్లీ కబురు పెట్టారు. ఆ సాయంత్రం హైమ గిన్నెలు కడిగి బోర్లించి, నెమ్మదిగా చెప్పింది.

"ఏమండీ, బండి బాగయ్యాక మీరు కాశ్మీరు వెళ్లండి. నేను ఖమ్మం బస్సెక్కి మా చెల్లి దగ్గరకి పోతాను. ఇంక నావల్ల కాదు."

"బండి కాదు హైమా, ఇల్లు" అన్నాను. అలవాటు.

ఆ పూట నా అన్నం నేనే వడ్డించుకున్నాను.

మర్నాటి నుంచి హైమ ఊరు చూడ్డానికి బయల్దేరింది. ఆమెకు దారి చూపించడానికి నేనూ వెళ్లాను. నేను ఆ ఊరు ఎప్పుడూ చూడలేదన్నది వేరే సంగతి. తాలిపేరు కాలువకని కుడివైపు తిప్పితే పోలీసు క్యాంపు దగ్గర తేలాం. అక్కడ జవాన్లు వాలీబాల్ ఆడుతున్నారు. బంతి నా కాళ్ల దగ్గరకొస్తే తిరిగి విసిరాను, మురిక్కాలవలో పడింది. ఇక హైమే ముందు నడిచింది. ఆమె వెనక నడిస్తే అన్నీ దొరికాయి. కాలువ దొరికింది, వేడి మిర్చిబజ్జీల కొట్టు దొరికింది, సంత దొరికింది. సంతలో వెదురు చాటలు, ఎండు చేపలు, గోనె మీద ఇప్పపువ్వు పోసుకుని కూర్చున్న భీమక్క.

భీమక్కది షెడ్డుకి ఆవలి కోయగూడెం. హైమ ఇప్పపువ్వు వాసన చూసి, ధర అడిగి, ఎలా వండుతారో అడిగి, చివరికి గోనె మీదే చోటు చేసుకుని కూర్చుంది. వచ్చే పోయేవాళ్లకి ఇద్దరూ కలిసి అమ్మారు. నేను గొడుగు పట్టుకుని నిలబడ్డాను. "మీ ఆయన మంచిగ నిలబడ్డడు చెల్లె" అంది భీమక్క. "అదొక్కటే నేర్పగలిగానక్కా" అంది హైమ.

తొలకరి పడింది. మర్నాడు గూడెంలో విజ్జ పండుం, అంటే విత్తనాల పండుగ. ప్రతి ఇంటివాళ్లూ గుప్పెడు విత్తనాలు తెచ్చి వేల్పు ముందు కలుపుతారు. కలిపినవి మళ్లీ ఇంటింటికీ పంచుతారు. అది జరిగేదాకా ఎవరూ చేలో గింజ వెయ్యరు. ఆరోజు ఆడవాళ్లు రోడ్డుకి అడ్డంగా తాడు పట్టుకుని బండ్లు ఆపుతారు. ఎంతో కొంత పండుగ పైసలిచ్చి కదలాలి. లారీలు ఇచ్చాయి, బస్సు ఇచ్చింది, పెళ్లికి పోతున్న జీపు కూడా ఇచ్చింది. తర్వాత అందరూ మా ముందుకొచ్చారు. ముందు భీమక్క, వెనక డోలుతో ఆమె పెనిమిటి జంపయ్య.

"అన్నా, పండుగ పైసలియ్యి. బండ్లోళ్లందరు ఇచ్చిండ్రు."

నేను గొంతు సవరించుకున్నాను. "బండి కాదమ్మా, ఇల్లు."

డోలు ఆగింది.

"మల్ల చెప్పు" అంది భీమక్క.

"ఇల్లు. లోపల పొయ్యి ఉంది, పడక ఉంది, దేవుడి పటం ఉంది. రేషన్ కార్డొక్కటే తక్కువ."

ఇంటి కింద నుంచి ధన్‌సింగ్ తల బయటికొచ్చింది. "సార్, పది రూపాయలిచ్చి ఊకోరాదుండ్రి!"

"ఉన్నమాట అంటే తప్పా ధన్‌సింగ్?"

"సోంచాయించుకో అన్నా" అంది భీమక్క. "బండైతే మాకిస్తది. ఇల్లయితే మా దగ్గర తీసుకుంటది. తీసుకున్నంక మాట మార్చొద్దు."

ఇచ్చే పని తప్పి పుచ్చుకునే పని మిగిలిందని నాకు లోలోపల సంతోషం కూడా కలిగింది. "ఇల్లే" అన్నాను, ఊరంతా వినేట్టు.

"కొంగు పట్టు చెల్లె."

హైమ కొంగు పట్టింది. భీమక్క దోసిలితో పోసింది. కొర్రలు, జొన్నలు, చిక్కుడు, సొర గింజలు, అన్నీ కలిసి. కొన్ని మెట్టు మీద నుంచి జారి చక్రాల పక్క తడిమట్టిలో పడ్డాయి. "రేపు బస్సెక్కేదాన్ని, ఇవేం చేసుకోనక్కా?" అని హైమ నవ్వింది. నవ్వుతూనే కొంగు మూట గట్టిగా ముడేసుకుంది.

ఆ సాయంత్రమే అసలు ప్లేటు రావడం, ధన్‌సింగ్ బిగించడం అయిపోయాయి.

పొద్దున్నే తాళం తిప్పగానే ఇంజను పలికింది. గేరు వేశాను. ఇల్లు ఒకసారి ఊగి, నిట్టూర్చి, నిలబడింది. మళ్లీ వేశాను. గిన్నెలు మోగాయి తప్ప చక్రం తిరగలేదు. దిగి చూస్తే ప్రతి టైరు నుంచీ తెల్లటి వేర్లు, చిటికెన వేలంత లావువి, మట్టిలోకి దిగి ఉన్నాయి.

ధన్‌సింగ్ వంగి చూసి, చేతులు తుడుచుకున్నాడు. "పట్టినయ్."

"ఏం పట్టాయి?"

"వేర్లు సార్. ఇల్లన్నరు గద."

"మరి బాగుచెయ్యవయ్యా!"

"నేను బండ్ల మెకానిక్‌ను సార్. ఇండ్లు చెయ్య."

పాలప్యాకెట్టుతో పోతున్న జవాను ఒకసారి చూసి, చెదలు పట్టకుండా చూసుకోమన్నాడు. పోస్టుమ్యాన్ సైకిలాపి, ఉత్తరాలొస్తే ఇక్కడికే ఇవ్వాలా అని అడిగాడు. కరెంటు లైన్‌మ్యాన్ మీటరు కావాలంటే ఆధార్ జిరాక్సు తెమ్మన్నాడు. ఆశ్చర్యపోయినవాణ్ణి ఊళ్లో నేనొక్కణ్ణే. అది మర్యాద కాదేమోనని నేనూ మానేశాను.

భీమక్క వచ్చింది. "నరకొచ్చా?" అని అడిగాను.

"ఎందుకు నరకరాదు? గొడ్డలి నేనే ఇస్త. నరికితే గది బండే. నిన్నటి పైసలిచ్చి పో."

"నరక్కపోతే?"

"పంట ఇంటికొచ్చినంక అవే వదుల్తయ్. మట్టి గూడెంది, అది మీ పేరు మీదికి రాదు. అడగొద్దు. ఏసుకో, తిను, వచ్చే పండుగకు గుప్పెడు తెచ్చి కలుపు. గంతే."

గొడ్డలి వచ్చింది. ఖమ్మం బస్సూ వచ్చింది. హైమ సంచీ పట్టుకుని దిగింది.

"కొట్టేదయితే నేను బస్సెక్కాక కొట్టండి. నా ముందొద్దు."

బస్సు ఆగిపోయింది. కిటికీల్లోంచి తలకాయలు బయటికొచ్చాయి.

"కొట్టు సార్, లేటయితంది!"

"కొట్టకు సార్, పచ్చి వేరు!"

"అమ్మా, వస్తున్నరా లేదా?" అని కండక్టరు.

నేను గొడ్డలి ఎత్తాను. కళ్ల ముందు శ్రీనగర్ కనిపించింది, మంచుతో సహా. కిందికి చూస్తే, అన్నిటికన్నా లావు వేరు తిన్నగా భూమిలోకి పోకుండా వంకర తిరిగి మెట్టు పక్కకి పోయింది. హైమ రోజూ బియ్యం కడిగిన నీళ్లు పారబోసే చోటు. అక్కడ దాని కొస నుంచి రెండాకులు లేచాయి, లేత సొర ఆకులు. హైమ బస్సును చూడట్లేదు, నన్ను చూడట్లేదు, ఆ రెండాకుల్నే చూస్తోంది. ఆమెకి మూడు సముద్రాలు ఒక్కచోట చూపించాను నేను. అప్పుడు కూడా ఆ చూపు చూడలేదు.

గొడ్డలి భీమక్కకి ఇచ్చేశాను. ఉండమని అడగడం ఎలాగో తెలియక, "హైమా, ఈ సొరపాదుకి పందిరి ఎటువైపు వెయ్యాలి?" అన్నాను.

హైమ సంచీ మెట్టు మీద పెట్టింది.

"పందిరెందుకు? అంత పెద్ద కప్పుందిగా" అంది. తర్వాత కండక్టరుతో, "నువ్వెళ్లు నాయనా" అంది. బస్సంతా ఈల వేసింది. కొట్టమన్నవాళ్లు కూడా వేశారు.

కొంగు మూటలోని గింజలు హైమ ఇంటి పక్క గూడెం నేలలో సాళ్లు తీసి వేసింది. ఆ వానాకాలం సొరతీగ సోలారు పలకను కప్పేసింది. నా ఫోను చచ్చిపోయింది. దేశాటన విశేషాలు నేను రోజూ పంపించే మిత్రులకు, విచారించగా, చాలా హాయిగా ఉందట. హైమ, భీమక్క మెట్టు మీద కూర్చుని చిక్కుళ్లు ఒలిచేవాళ్లు. హైమ కోయ మాటలు నేర్చుకుని, అందులోనే నన్ను తిట్టడం మొదలుపెట్టింది. అర్థం కాకపోవడం వల్ల తిట్లు ఎంతో మధురంగా ఉండేవి.

కొర్రలు కోసి ఇంట్లో పోసిన కొన్నాళ్లకి, ఒక ఉదయం ఇల్లు బెత్తెడు కిందికి దిగింది. వేర్లు వదిలేశాయి. నేను తాళం చేతిలో పట్టుకుని, జీవితంలో మొదటిసారి, ఏమీ అనకుండా నిలబడ్డాను. హైమ గుప్పెడు విత్తనాలు గుడ్డలో కట్టి పటం వెనక దాచింది. వచ్చి ముందు సీట్లో కూర్చుంది.

"పదండి, ఆ కాశ్మీరేదో చూసొద్దాం. వానలకి ఇక్కడ ఉండాలి."

చూసొచ్చాం. అంత మంచు కింద ఏం మొలుస్తుందని హైమ అక్కడివాళ్లందరినీ అడిగింది. తొలకరికి ముందే తిరిగొచ్చి విత్తనాలు కలిపింది, తనవంతు తను తెచ్చుకుంది. ఇది రెండో పంట.

ఈపాటికి నేనూ సేద్యగాణ్ణయిపోయానని రాసి ముగిద్దామనుకున్నాను. కానీ కొర్ర మొలక ఏదో, గడ్డి మొలక ఏదో నాకింకా తెలియదు. నిన్న కలుపు తీస్తానని దిగి రెండు సాళ్ల కొర్ర శుభ్రంగా పీకి, గడ్డికి నీళ్లు పెట్టాను. ఇవాళ నన్ను గట్టు మీద కూర్చోబెట్టారు.