మానేసిన రెండు పూటలు

ఆ వీధిలో అందరూ ఆమెని బైండింగు పెద్దమ్మ అనేవాళ్ళు. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఒక ప్రెస్సులో పుస్తకాలు కుట్టి, జిగురు పూసి, అట్టలు అంటించిన మనిషి. పని మానేసి ఆరేళ్ళయినా ఆమె అరచేతులు గట్టిపడ్డట్టే ఉండేవి. ఆ చేతులతో ఇప్పుడామె చేసే ముఖ్యమైన పని ఒక్కటే. పొద్దున ఐదింటికీ, సాయంత్రం ఆరింటికీ కోడలి వీపు తట్టడం.

కోడలు బస్‌స్టేషన్లో అనౌన్సరు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికొస్తుందో మైకులో చెప్పే గొంతు ఆ అమ్మాయిదే. చిన్నప్పుడు పట్టుకున్న నిమోనియా తను పోతూ ఊపిరితిత్తుల్ని పాడుచేసి పోయింది. లోపలి గాలిగొట్టాలు సాగి సంచుల్లా తయారయ్యాయనీ, వాటిలో కఫం నిలవుంటుందనీ, రోజూ బయటికి తీయకపోతే అందులో క్రిములు కాపురం పెడతాయనీ డాక్టరమ్మ చెప్పింది. ఇది పూర్తిగా నయమయ్యే జబ్బు కాదు, అదుపులో పెట్టుకోవాల్సిన జబ్బు అని కూడా చెప్పింది. నయం కాదన్న మాట పెద్దమ్మ చెవిన పెట్టలేదు. అదుపు అన్న మాటని మాత్రం గట్టిగా పట్టుకుంది.

"అదుపంటే నాకు తెలీదా?" అంది ఇంటికొస్తూ ఆటోలో. "పదహారుమంది పనివాళ్ళని నోరెత్తనివ్వకుండా నడిపించినదాన్ని. ఈ దగ్గు నాకో లెక్కా?"

"మీరు నాలుగు తిడితే అదే పారిపోతుంది లెండి అత్తయ్యా," అంది కోడలు, దగ్గుతూనే నవ్వుతూ.

కొడుకు లారీ డ్రైవరు. దూరపు రూటు. ఇల్లు కదిలాడంటే మళ్ళీ మూడు వారాలకి గానీ గడప తొక్కడు. కాబట్టి మందూ మిషనూ అన్నీ ఈ ఇద్దరి మధ్యే నడిచేవి.

ముందు ఊపిరిగొట్టాలు తెరుచుకునే మందు. నెబ్యులైజరు కప్పులో పోసి స్విచ్చి వేస్తే, మిషను బర్రుమంటూ దాన్ని పొగమంచులా చేసి నోటికి పంపేది. పది నిమిషాలు. తర్వాత ఉప్పునీటి మందు. అది పీలిస్తే లోపలి జిగురు పలచబడుతుంది గానీ దగ్గు తెరలుతెరలుగా ముంచుకొస్తుంది. ఆ తర్వాత పెద్దమ్మ వంతు. నడుం కింద దిండ్లు పెట్టి కోడల్ని పక్కకి తిప్పి పడుకోబెట్టేది. వీపు మీద పలచటి తువ్వాలు పరిచి, అరచేతిని దొప్పలా వంచి తట్టేది. వెన్నెముక మీద కాదు, నడుం మీద కాదు, పక్కటెముకల మీద. ఒక్కో వైపు ఐదేసి నిమిషాలు.

"కొట్టినట్టు చప్పుడు రాకూడదు పెద్దమ్మా, బోలుగా మోగాలి," అని ఆస్పత్రిలో ఫిజియోథెరపీ అమ్మాయి నేర్పింది. ఆ చప్పుడు కుదిరేదాకా పెద్దమ్మ వారం రోజులు తన తొడల మీదే తట్టుకుంది. తొడలు కమిలిపోయాయి. పక్కింటావిడ చూసి, ఈవిడకేదో పూనకం వచ్చిందనుకుంది.

తట్టడం అయ్యాక కోడలు లేచి కూర్చుని, అద్దం మీద ఆవిరి పట్టించేటట్టు నోరు తెరిచి హా అని ఊదేది. మళ్ళీ ఊదేది. కఫం అప్పుడు కదిలి పైకి వచ్చేది. ఆమె మూతగిన్నెలో ఉమ్మితే, పెద్దమ్మ ఆ గిన్నెని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతుర్లో చూసేది. తెల్లగా ఉంటే ఆ పూటంతా ఆమె మొహం వెలిగిపోయేది. ఆకుపచ్చ జీర కనిపిస్తే వెళ్ళి నెబ్యులైజరు కప్పు కడిగి, మరిగే నీళ్ళలో వేసి, గడియారం వైపు చూస్తూ నిలబడేది.

"బంగారం గీటు పెట్టేవాడు కూడా అంత పరీక్షగా చూడడు," అనేది కోడలు.

"నీ ఉమ్ము నాకు బంగారమే. నోర్మూసుకుని మందు మింగు."

ఏడాదిన్నరలో ఒక్క పూట తప్పలేదు. పెద్దమ్మకి జ్వరమొచ్చినప్పుడు కూడా మొహానికి గుడ్డ కట్టుకుని, మంచం పట్టె ఆసరాగా నిలబడి తట్టింది.

ఒక శనివారం రాత్రి కొడుకు వచ్చాడు. సోమవారం పొద్దున్నే మళ్ళీ బండెక్కాలి. ఆదివారం తెల్లవారుజామున పెద్దమ్మ కప్పులో మందు పోయబోతుంటే కోడలు వంటగదిలోకి వచ్చి తలుపు దగ్గరికి వేసింది.

"అత్తయ్యా, ఇవాళ వదిలేద్దామా?"

"ఏం, ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది. అందుకే అడుగుతున్నా." ఆ అమ్మాయి గొంతు తగ్గించింది. "ఆయన వచ్చినప్పుడల్లా నేను దగ్గుతూ, గిన్నెలో ఉమ్ముతూ కనిపిస్తాను. మొన్నసారి నిద్రపోతున్నట్టు నటించారు, పాపం. కళ్ళు గట్టిగా మూసుకుని. ఒక్కరోజు మామూలు పెళ్ళాంలా ఉండాలనుంది."

పెద్దమ్మ మందు పొయ్యడం ఆపింది. చేతిలో మందుసీసా అలాగే ఉంది. కొత్తకోడలిగా తను ఏమేం కోరుకుందో ఆమెకి లీలగా గుర్తొచ్చింది.

"సరే. ఈ పూటకే," అంది.

వాళ్ళిద్దరూ సినిమాకి వెళ్ళి, పార్కులో తిరిగి, చీకటిపడ్డాక నవ్వుకుంటూ ఇంటికొచ్చారు. కోడలి బుగ్గల్లో రంగుంది. పెద్దమ్మ మిషను వైపు ఒకసారి చూసింది, వాళ్ళ వైపు ఒకసారి చూసింది. సాయంత్రం పూట సంగతి ఎత్తలేదు.

గురువారం మధ్యాహ్నం బస్‌స్టేషన్ నుంచి టికెట్ కౌంటరు గుమస్తా ఫోన్ చేశాడు. అనౌన్స్‌మెంటు మధ్యలో దగ్గొచ్చిందట. మైకు ఆపేలోపు స్టేషనంతా విన్నదట. రుమాలు నిండా రక్తం.

పెద్దమ్మ ఆస్పత్రికి చేరేసరికి కోడలికి ఆక్సిజన్ పెట్టేశారు. వేలికి తగిలించిన ఆక్సిజన్ క్లిప్పులో అంకె, తొంభై పైన ఉండాల్సింది, ఎనభై ఏడు దగ్గర ఊగుతోంది. పెద్దమ్మ ఏమీ ఆలోచించకుండా చీరచెంగు బిగించి, కోడల్ని పక్కకి తిప్పబోయింది.

నర్సు వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. "వద్దు పెద్దమ్మా. రక్తం పడుతున్నప్పుడు తట్టకూడదు. ఇంకా ఎక్కువవుతుంది."

"మరి నేనేం చెయ్యను?"

"ఏం చెయ్యొద్దు. కూర్చోండి."

ఆమె కూర్చుంది. ఐదు రోజులు కూర్చుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. ఒళ్ళో పెట్టుకునేది, మోకాళ్ళ మధ్య దాచుకునేది, దుప్పటి అంచు మడిచి మళ్ళీ విప్పేది. కోడలి గుండెలో గురగుర వినిపిస్తూనే ఉంది. అది ఎక్కడుందో, ఏ పక్కకి తిప్పితే కదులుతుందో ఆమెకి తెలుసు. తెలిసీ ముట్టుకోవడానికి లేదు. కొడుకు ఫోన్ చేసి "ఎలా ఉందమ్మా?" అంటే "మందులు ఎక్కిస్తున్నారు," అనేది.

ఆరో రోజు రక్తం ఆగింది. డాక్టరమ్మ వార్డులోంచి బయటికొస్తుంటే పెద్దమ్మ వరండాలో అడ్డం నిలబడింది.

"అమ్మా, తప్పు నాదే. మా అబ్బాయి ఇంట్లో ఉన్న ఆదివారం రెండు పూటలు మానేశాం. అడిగిందని జాలిపడి ఒప్పుకున్నా. నన్నేం అన్నా పడతాను."

డాక్టరమ్మ ఆమెని బల్ల మీద కూర్చోబెట్టి, తనూ పక్కన కూర్చుని, స్కాన్ ఫిలిం వెలుతురికి ఎత్తి చూపించింది. "రెండు పూటలకి వచ్చింది కాదు పెద్దమ్మా ఇది. ఇదిగో, ఈ భాగం చూడండి. నెలల తరబడి పాడవుతూ వచ్చింది. కొత్త క్రిమి చేరింది, పాత మందులకి లొంగేది కాదు. ఆ ఆదివారం మీరు పదిసార్లు తట్టినా ఇది వచ్చేదే. మీరేం మనసులో పెట్టుకోకండి."

"అంటే నేను రోజూ తడుతుండగానే లోపల పెరిగిందా?"

డాక్టరమ్మ ఫిలిం కిందికి దించింది. "మీరు తట్టబట్టే ఇంత నెమ్మదిగా పెరిగింది," అంది. భుజం మీద చెయ్యి వేసి, ఇంకో వార్డుకి వెళ్ళిపోయింది.

పెద్దమ్మ ఆ బల్ల మీదే ఉండిపోయింది. ఐదు రోజులుగా మోసిన బరువు దిగిపోవాలి కదా, దిగలేదు. తప్పు తనదైతే దిద్దుకోవచ్చు. ఇక జన్మలో మాననని ఒట్టేసుకుని, ఆ ఒట్టు పట్టుకుని బతకొచ్చు. తప్పే లేదంటే ఇక పట్టుకోవడానికేముంది? ప్రెస్సులో ఏ పుస్తకం ఊడొచ్చినా, ఏ కుట్టు వదిలిందో వెతికి పట్టుకునేది ఆమె. ఇక్కడ వదిలిన కుట్టే లేదంటున్నారు.

లోపలికి వెళ్ళేసరికి కోడలు మేలుకుని ఉంది. మాస్కు కాస్త పక్కకి జరిపింది.

"నావల్లే కదా అత్తయ్యా. నేనే అడిగాను."

పెద్దమ్మ మాస్కు సర్దబోయి ఆగింది.

"ఇంకెప్పుడూ అడగను. ఒక్క పూట కూడా మానకుండా చేసుకుంటాను. అప్పుడిక ఇలా రాదు కదా?"

ఆ అమ్మాయి కళ్ళలో ఐదు రోజుల తర్వాత కాస్త వెలుగు కనిపించింది. డాక్టరమ్మ చెప్పిన మాట పెద్దమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. నీ తప్పేం లేదే పిచ్చిదానా అనాలి. అంటే ఆ వెంటనే, రోజూ తడుతుండగానే లోపల పెరిగిందన్న రెండో మాట కూడా చెప్పాలి.

"రాదు," అంది పెద్దమ్మ. "అడిగింది నువ్వు, సరేనన్నది నేను. ఇద్దరం బుద్ధి తెచ్చుకుందాం."

రెండు వారాలకి ఇంటికి పంపారు. రోజుకి రెండు పూటలు కాస్తా మూడయ్యాయి. చివర్లో పీల్చడానికి ఇంకో మందు రాశారు, పరమ చేదు. బస్‌స్టేషన్ వాళ్ళు మంచివాళ్ళే, ఉద్యోగం తీసెయ్యలేదు. పార్సిల్ కౌంటర్లో కూర్చోబెట్టారు. మైకు దగ్గర ఇంకో అమ్మాయి చేరింది.

కోడలు మాట నిలబెట్టుకుంది. కొడుకు వచ్చినా, చుట్టాలొచ్చినా మిషను ముందు కూర్చునేది. కొడుకు ఒకసారి తను తడతానని పట్టుబట్టాడు. స్టీరింగు తిప్పీ తిప్పీ బండబారిన చేతుల్ని పెళ్ళాం వీపు మీద పెట్టాడు. నాలుగు దెబ్బలు కూడా వెయ్యలేక లేచి బయటికి వెళ్ళి, కడిగిన లారీనే మళ్ళీ కడిగాడు.

మూడో నెలలో ఒక పొద్దున, తట్టడం అయ్యాక, పెద్దమ్మ గిన్నె పట్టుకుని కిటికీ దగ్గర నిలబడింది. ముదురాకుపచ్చ. అటు తిప్పి చూసింది, ఇటు తిప్పి చూసింది. వెలుతురు చాలక అలా ఉందేమోనని తలుపు కూడా తెరిచింది.

వెనక నుంచి కోడలు అడిగింది. "మొన్నటి నుంచి అలాగే ఉంది కదూ?"

"ఊఁ."

"ఈసారి ఒక్క పూట కూడా మానలేదు కదా అత్తయ్యా."

పెద్దమ్మ వెనక్కి తిరిగింది. పిల్ల కోపంగా లేదు, ఏడవడమూ లేదు. లెక్క ఎక్కడ తప్పిందో అర్థంకాని బడిపిల్లలా చూస్తోంది. పెద్దమ్మ గిన్నె మీద మూత పెట్టింది.

"మానలేదమ్మా," అంది. "నాకూ తెలీడం లేదు."

డాక్టరమ్మకి ఫోన్ చేస్తే, ఎనిమిదింటి తర్వాత గానీ దొరకరన్నారు. ఇంకా ఆరున్నరే అయింది. కోడలి గుండెలో ఎడమవైపు ఇంకా గురగురలాడుతోంది. పెద్దమ్మ తువ్వాలు దులిపి, దిండు సర్దింది.

"ఇంకోసారి ఆ పక్కకి తిరుగు," అంది.

కోడలు తిరిగింది.