పందొమ్మిదో వారం

నేను ఒక పుస్తకాన్ని అని చెప్పుకుంటే అచ్చాఫీసులో పుట్టిన పుస్తకాలు నవ్వుకుంటాయి. వాటిది ఒకే రోజు పుట్టుక. నేను నలభై ఒక్క వారాల పాటు ముక్కలు ముక్కలుగా పుట్టాను. ఏలూరు పవర్‌పేటలో శేషారత్నం అనే ఇల్లాలు, వారపత్రిక రాగానే పిన్నులు ఊడదీసి, 'ముసురుకోన' అనే మాయల మంత్రాల సీరియల్ ఉన్న కాగితాలను మాత్రం విడదీసి ట్రంకుపెట్టెలో చీరల కింద దాచేది. ఆమె భర్త నరసింగరావు కరెంటాఫీసు నుంచి వచ్చి పత్రిక తెరిస్తే నడిమి పేజీలు ఉండేవి కావు. "ఇంట్లో ఎలక దూరింది. కథలు మాత్రమే తింటోంది" అనేవాడు.

అందుకే నా కాగితాల వెనక పరాయి సంగతులు చాలా ఉంటాయి. ఒకచోట సగం గోంగూర పచ్చడి, ఇంకోచోట జుట్టు రాలుతోందని వాపోయిన పాఠకురాలికి డాక్టరుగారి జవాబు. కథ పూర్తయ్యాక కోర్టు దస్త్రాలు కుట్టే బైండరు నన్ను కుట్టాడు. పురుగు పట్టకుండా మైదా జిగురులో మైలుతుత్తం కలిపాడు. వీపుకి ఎర్ర క్యాలికో గుడ్డ వేశాడు. అంచులు కోసేటప్పుడు చెయ్యి కాస్త ఎక్కువ పడి కొన్ని వరసల చివరి అక్షరాలు ఎగిరిపోయాయి. చదివేవాళ్లు ఆ అక్షరాలను తామే వేసుకుని చదివేవారు. ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

నా ఒంట్లో ఒక్క వారం మాత్రం అచ్చుది కాదు. పందొమ్మిదో వారం పత్రిక వానకి తడిసి ముద్దయి వచ్చింది. నిడదవోలులో కాపురం ఉంటున్న ఆడబిడ్డ విశాలాక్షికి రత్నం కార్డు రాసింది. విశాలాక్షి పక్కింటివాళ్లు అదే పత్రిక తెప్పించుకునేవారు. చింపుకుంటామంటే ఒప్పుకోరు కదా, అందుకని ఆమె గీతల కాగితాల మీద నీలి సిరాతో ఎత్తిరాసి పంపింది. ఆరు కాగితాలు. బైండరు వాటిని కూడా వరసలో పెట్టి కుట్టేశాడు.

ఆ వారం కథ ఇదీ. పున్నమ్మ అనే పిల్లకి ఒక శాపం ఉంది. ఆమె ఏ ఇంట్లో నిద్రపోతే ఆ ఇంటి బావి ఎండిపోతుంది. ఊరంతా తలుపులు మూసుకుంటుంది. చివరికి ఆమె కొండెక్కి, పిల్లల్ని రాళ్లు చేస్తుందని అందరూ భయపడే మంత్రగత్తె ధూమలేఖ గుమ్మం ముందు నిలబడుతుంది. ధూమలేఖ దీపం ఎత్తి చూసి, విసుక్కుని, "బావిదేముంది, ఇంకోటి తవ్వుకుంటాను. లోపలికి రా" అంటుంది. అన్నం పెట్టి పడుకోబెడుతుంది. తెల్లారేసరికి ఆ పిల్లే, బావికి ఏమవుతుందోనన్న భయంతో, చెప్పకుండా కొండ దిగిపోతుంది. కొండ దిగుతున్న పున్నమ్మతో ఇరవయ్యో వారం మొదలవుతుంది.

గుమ్మంలో ధూమలేఖ అన్న ఆ మాటను రత్నం ఎన్నిసార్లు చదివిందో నాకే లెక్క తెలియదు.

నన్ను కుట్టించి తెచ్చిన నెలలోనే విశాలాక్షి రిక్షాలో ఒక పెట్టెతో వచ్చి అన్నగారి గుమ్మంలో దిగింది. మోచేతి దగ్గర పచ్చగా కమిలిన మచ్చ. అప్పుడు నేను వసారాలో స్టూలు మీద ఉన్నాను. నరసింగరావు చెడ్డవాడు కాదు, భయస్తుడు. "నాలుగు రోజులుండి వెళ్దువుగాని. అక్కడివాళ్లకి కోపాలు తెప్పించుకోకు" అన్నాడు, గుమ్మానికి అడ్డంగా నిలబడి. వంటింట్లోంచి పిండి చేతులతో వచ్చింది రత్నం. చంకలో చంటివాడు. మొగుణ్ణి చూసింది, ఆడబిడ్డని చూసింది.

"బావిదేముంది, ఇంకోటి తవ్వుకుందాం. లోపలికి రా" అంది.

బావేమిటో నరసింగరావుకి అర్థం కాలేదు. ఆయన కథలు చదవడు. తర్వాత అడిగితే రత్నం, "కొండమీద మంత్రగత్తె పాటి చెయ్యలేనా నేను" అంది. విశాలాక్షి ఆ ఇంట్లోనే ఉండిపోయింది. ట్రైనింగ్ అయి మునిసిపల్ స్కూల్లో టీచరుగా చేరింది, అక్కడే రిటైరైంది. ఆ ఇంటి మనిషి కాదని ఎవరైనా అంటే ఇప్పుడు వీధివీధంతా నవ్వుతుంది.

అదంతా నా గొప్ప అనుకున్నాను. ఒక పుస్తకానికి అంతకంటే ఏం కావాలి?

టీవీ వచ్చేదాకా బాగానే ఉంది. అది వచ్చిన రోజు రత్నం అల్లిన లేసుగుడ్డ దాని నెత్తిన కప్పారు. ఆ లేసు అల్లుతున్నన్నాళ్లూ నేను ఆమె పక్కనే ఉన్నాను. నాకోసమే అనుకున్నాను. తర్వాత తర్వాత టీవీ లావు తగ్గి, వెడల్పు పెరిగి, గోడకెక్కింది. నన్ను దానికి ఎదురుగా అద్దాల బీరువాలో రెండో అరలో పెట్టారు. కుర్చీలన్నీ దాని వైపు తిరిగాయి. అప్పటినుంచి ఈ ఇంటి మనుషుల వెనకతలలు తప్ప నేను చూసింది తక్కువ. ఎవరికి జుట్టు పలచబడుతోందో ముందు నాకే తెలుస్తుంది. దాన్ని రోజూ మెత్తటి గుడ్డతో తుడుస్తారు. నన్ను తుడిచేది బీరువా సర్దినప్పుడు, అదీ పైపైన.

అయినా ఓర్చుకున్నాను. దాని దగ్గర లోకమంతా ఉండవచ్చు, నా దగ్గర ధూమలేఖ ఉంది.

ఒక సాయంత్రం కోడలు సౌజన్య ఫోను చూస్తూ, "అత్తయ్యా, మీ పుస్తకం టీవీలో వస్తోందట. సోమవారం నుంచి, ఏడింటికి" అంది. మీ పుస్తకం అంటే నేనే అనుకున్నాను. టీవీ పక్కన నన్ను నిలబెడతారనుకున్నాను. మొదటి రోజు రత్నం నన్ను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది కూడా. పది నిమిషాల్లో నన్ను పక్కన పెట్టి ముందుకు వంగింది.

నాలోని ధూమలేఖకు యాభై అయిదేళ్లు. మొహాన స్ఫోటకం మచ్చలు, నోట్లో చుట్ట, వెంట తొమ్మిది మేకలు. మంత్రం వేయాల్సి వస్తే ముందు గొణుక్కుంటుంది. టీవీ ధూమలేఖకు ముప్పై కూడా నిండలేదు. నీలి కళ్లు, గుహలో పట్టుచీర, మచ్చల చోట చెంప మీద ఒక మెరుపు చుక్క. చుట్ట పోయి చేతికి వెలిగే కర్ర వచ్చింది. మేకలు పోయి కంప్యూటర్లో చేసిన పులి వచ్చింది. నాలో ఆమె ఎవరికీ ఏమీ కాదు, అదే ఆమె సుఖం. టీవీలో అలా వదిలేస్తే ఎవరికీ నిద్ర పట్టదేమో, ఆమెకో పాత ప్రేమ తెచ్చారు. రాజుగారు. రాజుగారికి రాణి. ఆ రాణి ధూమలేఖకు సొంత అక్క. ముప్పయ్యో ఎపిసోడ్ వచ్చేసరికి కోన వదిలేసి అందరూ ఒక పెద్ద హాల్లో చేరి, ఒకరి మొహాలు ఒకరు మూడేసి సార్లు చూసుకుంటున్నారు. పున్నమ్మ పౌర్ణమి అయింది.

"చుట్ట ఏదీ?" అంది రత్నం.

"టీవీలో చుట్ట కాలిస్తే కింద హెచ్చరిక వెయ్యాలత్తయ్యా" అంది సౌజన్య.

"వేసుకోమను. ఎవరొద్దన్నారు?"

"చీర మటుకు బావుంది వదినా" అంది విశాలాక్షి.

"గుహలో చెమ్మకి నాలుగు రోజుల్లో మరకలు పడుతుంది."

"మంత్రగత్తె కదా. ఇస్త్రీ కూడా మంత్రంతోనే చేసుకుంటుంది."

ముగ్గురూ నవ్వుకున్నారు. నా కడుపు మండింది. నన్ను మెచ్చుకునేవాళ్లు నన్ను తెరిచి ఏళ్లయింది. దాన్ని తిట్టేవాళ్లు ఒక్కరోజు కూడా మానకుండా దాని ముందు కూర్చుంటున్నారు.

నేను నా పందొమ్మిదో వారం ఘట్టం కోసం కాచుకున్నాను. రత్నం కూడా. అది వచ్చే రోజు ఆరింటికే వంట ముగించి, పక్కింటావిడని కూడా పిలిచింది. "ఏం మార్చినా దీన్ని మార్చలేరు. చూడండి" అంది. తెరమీద వాన పడుతోంది. పౌర్ణమి గుమ్మంలో నిలబడింది. ధూమలేఖ దీపం ఎత్తి చూసింది. "నా బావి నాకు ముఖ్యం. వేరే గుమ్మం చూసుకో" అని తలుపు వేసేసింది. పిల్ల వానలో మెట్ల మీద కూలబడింది. తర్వాత సబ్బు ప్రకటన వచ్చింది.

"ఎంత పని చేశారు" అంది రత్నం. విశాలాక్షి, "పాలు పొంగుతాయి" అంటూ వంటింట్లోకి వెళ్లింది. పాలు అప్పటికే ఫ్రిజ్‌లో ఉన్నాయి. నేను అదేమీ పట్టించుకోలేదు. అంత సంతోషం నాకు ఎన్నడూ కలగలేదు. దొంగ దొరికిపోయాడు కదా.

మర్నాడు రత్నం నన్ను తీసి ముందు పెట్టుకుని ఆ చానెల్‌కి నాలుగు పేజీల ఉత్తరం రాసింది. పూర్తయ్యాక గట్టిగా చదివింది. "చుట్ట తీసేశారు, ఊరుకున్నాను. మేకల్ని తీసేశారు, ఊరుకున్నాను. ఆ మనిషి చేత తలుపు మూయించే హక్కు మీకెక్కడిది? ఆవిడ తలుపు తీసింది కాబట్టి మా ఇంట్లో ఒక ఆడపిల్ల బతికింది."

"టీవీ వాళ్లకి ఉత్తరాలేంటి వదినా. చదివే తీరిక వాళ్లకెక్కడిది?" అంది విశాలాక్షి.

"తీరిక లేకపోతే తియ్యడం మానెయ్యమను."

"సరే, ఇటివ్వు. నేను పోస్టు చేస్తాలే."

ఆమె దాన్ని పోస్టు చేయలేదు. నాలో, నీలి సిరా కాగితాల మధ్య పెట్టింది. రెండు రోజులు అది నాలోనే ఉంది. మూడో రోజు పొద్దున వచ్చి తీసింది. కవరు మీద చిరునామా చాలాసేపు చూసి, చెప్పులేసుకుని బయటికి వెళ్లింది. మర్చిపోయి ఉంటుంది పాపం అనుకున్నాను. నా బుద్ధి అంతే.

మూడు వారాలకి జవాబు వచ్చింది. సీరియల్‌కి మాటలు రాసే అమ్మాయి స్వయంగా రాసింది. "అమ్మా, మీ కోపం న్యాయమైనదే. చుట్ట గురించి నేనూ పోట్లాడాను, ఓడిపోయాను. కానీ మేం మార్చకుండా ఉంచింది ఈ ఒక్క ఘట్టమే. అసలు కథలో ఆవిడ తలుపు వేసేస్తుంది. ఆ పేజీల జిరాక్సు జతచేస్తున్నాను."

రత్నం జిరాక్సు కాగితాలు ఒక చేత్తో, నన్ను ఒక చేత్తో పట్టుకుని కిటికీ దగ్గర కూర్చుంది. నీలి సిరా కాగితాల్లో మొదటి నాలుగు అక్షరం పొల్లుపోలేదు. అయిదో కాగితంలో దీపం ఎత్తే దాకా కూడా ఒకటే. అక్కడినుంచి దారులు వేరు. ఆమె రెండుసార్లు చదివి, నన్ను మూసి, కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది.

నా సంగతి ఏం చెప్పను? ఇన్నాళ్లూ అది మార్చింది, అది చెడగొట్టింది అని ఏడ్చాను. టీవీ వంద మార్చి ఒకటి ఉంచింది. నేను అన్నీ ఉంచి ఆ ఒక్కటే మార్చాను.

రెండు రోజులు ఆ ఇంట్లో మాటలు కరువయ్యాయి. "అన్నం పెట్టనా." "పెట్టు." "మాత్ర వేసుకున్నావా." "ఊఁ." ఏడింటికి టీవీ పెట్టినా రత్నం ధూమలేఖను ఒక్క మాట అనలేదు. విశాలాక్షి కవరు చూసింది, ఏమీ అడగలేదు.

మూడో రోజు మధ్యాహ్నం విశాలాక్షి బీరువా తెరిచి నన్ను ఒళ్లో పెట్టుకుంది. చేతిలో బ్లేడు, పక్కన జిగురు సీసా, ఆ జిరాక్సు కాగితాలు. బ్లేడు అంచు నా కుట్టు దగ్గర చల్లగా తగిలింది.

"ఏం చేస్తున్నావే?" అంది రత్నం గుమ్మంలోంచి.

"నా కాగితాలు తీసేసి అసలువి అంటిస్తాను వదినా."

"ముప్పై ఎనిమిదేళ్ల తర్వాతా?"

విశాలాక్షి తల ఎత్తలేదు. "విడిగా ఎక్కడైనా గది చూసుకుంటాను. నువ్వేమీ అనుకోకు."

"అరవై దాటిన టీచరమ్మకి గది ఎవరిస్తారు? రోజూ వాళ్ల పిల్లలకి ఎక్కాలు అప్పజెప్పించుకుంటావని భయపడతారు." రత్నం వచ్చి ఎదురుగా కూర్చుంది. "నిజం చెప్పు. అది రాసేటప్పటికే ఇక్కడికి రావాలనుకున్నావా?"

"లేదు. ఎత్తిరాసుకుంటూ వస్తున్నాను. తలుపు వేసిందన్న చోటికి వచ్చేసరికి, ఇది వదిన చదవకూడదు అనిపించింది. అంతే. ఎందుకో అప్పుడు తెలీదు. పెట్టె సర్దుకునేటప్పుడు తెలిసింది."

"రెండ్రోజుల్నుంచి అదే చూసుకుంటున్నాను విశాలా. ఆవిడ తలుపేసిందని చదివి ఉంటే, నేను నీకు తీసేదాన్నా? తీసేదాన్ని అనుకోవాలని ఉంది. కానీ అప్పుడు రెండు గదులు, చంకలో వాడు, గుమ్మానికి అడ్డంగా మీ అన్నయ్య. నాకు తెలీదు."

"తీసేదానివి వదినా."

"నువ్వు చెప్పకు. నువ్వు కథ మార్చే మనిషివి."

విశాలాక్షికి నవ్వొచ్చింది, కళ్లమ్మట నీళ్లూ వచ్చాయి. రత్నం ఆమె చేతిలోంచి బ్లేడు తీసుకుంది. ఇక నా పని అయిపోయిందనుకున్నాను. ఆమె బ్లేడుని కాగితంలో చుట్టి పక్కన పెట్టి, నన్ను మూసి, జిరాక్సు కాగితాలు తీసుకుని వంటింట్లోకి వెళ్లింది.

"అసలు కథ అని ఆ అమ్మాయి అంత శ్రద్ధగా పంపింది, పారేస్తే బావుండదు" అనడం వినిపించింది. "అలమరలో పాత పేపరు జిడ్డోడుతోంది. అక్కడ నిలబడి ఏం చూస్తావ్, వచ్చి డబ్బాలు పట్టుకో."

ఇప్పుడు నాకు టీవీ మీద అంత కడుపుమంట లేదు. దాని ధూమలేఖ పెళ్లి చేసుకుంది, సీరియల్ అయిపోయింది, ఆ ఏడు గంటల చోటులో ఇంకెవరో ఏడుస్తున్నారు. ఇప్పుడు నా ఏడుపంతా ఆ జిరాక్సు కాగితాల మీద. కందిపప్పు డబ్బా కింద, చింతపండు జాడీ కింద అవి హాయిగా పరుచుకుని ఉన్నాయి. వాటిలో ధూమలేఖ తలుపు మూసే ఉంది. అయినా పొద్దున కాఫీ నుంచి ఇద్దరు ఆడవాళ్లూ వాటి ఎదురుగానే కూర్చుంటారు. కూరలు తరుగుతారు, కీచులాడుకుంటారు, నవ్వుకుంటారు. తలుపు తీసిన ధూమలేఖను మోస్తూ నేను మాత్రం అద్దాల బీరువాలో ఉన్నాను. దానికి తాళం వేస్తారు.