జమిడిక మీద అమ్మ పాట

పాట ముగించి, జమిడిక మీటుతూనే వీరభద్రం కళ్లు తెరిచాడు. ఎన్నడూ నలుగురిలో గొంతెత్తని అమ్మ వరలక్ష్మి, జుట్టు విరబోసుకుని తొట్టెల ముందు ఊగిపోతోంది. అక్క పద్మ పసిగుడ్డును ఎత్తుకుని గోడకు అతుక్కుపోయింది. తొట్టెల పండుగకు వచ్చిన చుట్టాలంతా కొయ్యబారిపోయారు. జమిడిక మీద మొదటి దెబ్బకే అమ్మ పూనకంతో లేచిందట. వాళ్ల గుసగుసలను మెచ్చుకోలు అనుకుని ఈ మహానుభావుడు రెండు చరణాలూ పాడేశాడు.

హనుమకొండ బజారులో బట్టల దుకాణం వాళ్ల అబ్బాయికి జమిడిక ఎందుకని తండ్రి రామలింగం ఎంత తిట్టినా, రెండేళ్లు ధర్మసాగర్‌కు సైకిలు తొక్కాడు. అక్కడ ఎల్లమ్మ కథ చెప్పే కట్టయ్య అతని గురువు. చంకలో ఇరికించుకున్న చిన్న వాద్యానికి కట్టిన నరాన్ని పుల్లతో మీటితే మనిషి మూలిగినట్టు పలుకుతుంది. ఆ మోతకు మాటలు కట్టి తన కన్నతల్లి మీద పాట రాశాడు. అమ్మ వినాలి, అంతే అతని కోరిక.

దేవతను పిలిచే దెబ్బ మాత్రం కట్టయ్య నేర్పలేదు. ముందు పూనకం దించే దెబ్బ రావాలి, ఆ తర్వాతే పిలిచేది. అది వాళ్ల పద్ధతి. మనవాడికి ఓపికెక్కడిది? నర్సంపేట కొలుపులో చాటుగా విని పట్టేశాడు. సొగసుగా ఉందని పాట మొదట్లో పెట్టాడు.

ఇప్పుడు అమ్మను చూసిన భయంతో అతని చెయ్యి ఆగిపోయింది. శిష్యుడి పాట వినడానికి వచ్చి గుమ్మం దగ్గర కూర్చున్న కట్టయ్య ఒక్క ఉదుటున వచ్చాడు.

"ఆపకు బిడ్డా. పిలిసినోడే దించాలె."

దించడం తెలియదని వీరభద్రం తల అడ్డంగా ఊపాడు. ముసలాయన తిట్టలేదు. వెనక కూర్చుని అతని వీపు మీద వేళ్లతో దించే దెబ్బ వేయసాగాడు. వీపు మీద పడ్డదాన్ని పడ్డట్టే వీరభద్రం నరం మీద మీటాడు. రెండుసార్లు తప్పింది. తప్పినప్పుడల్లా అమ్మ కేక వేసింది. సిగ్గుతో, భయంతో అతనికి ఏడుపొచ్చింది. చివరికి పూనకం దిగి వరలక్ష్మి రామలింగం చేతుల్లో వాలిపోయింది.

నీళ్లు తాగించాక కళ్లు తెరిచింది. అందరూ తననే చూస్తుంటే గబగబా జుట్టు ముడి వేసుకుంది. కొడుకు చేతిలోని జమిడికను చూసి నవ్వింది.

"నా మీద పాట కట్టిననంటివి గద. ఎప్పుడు పాడుతవ్ బిడ్డా?"

వీరభద్రం జమిడికను కట్టయ్య ఒళ్లో పెట్టాడు.

"పాడిన అమ్మా."

"మరి నేనెందుకు ఇనలే?" అంది వరలక్ష్మి.