తాళంచెవి మీద నా కుళ్లు

నేను ఒక వేడినీళ్ల సంచిని. కేరళ రబ్బరు తోటలో పాలుగా పుట్టి, ఏదో ఫ్యాక్టరీ అచ్చులో ఎర్రగా ఉడికి, బొబ్బిలిలో ఒక మందుల షాపు బీరువాలో కొన్నాళ్లు దుమ్ము తిన్నాను. అక్కడినుంచి ఆడపిల్లల హాస్టలు బడిలో నర్సు మార్తమ్మ చేతిలో పడ్డాను. ఆమె గదిలో నాదే పెద్దరికం. కడుపునొప్పి అంటూ ఏ పిల్ల వచ్చినా ముందు నన్నే వెతికేవారు. థర్మామీటరుకు అంత గిరాకీ లేదని లోలోపల మురిసిపోయేదాన్ని.

అందరికన్నా ఎక్కువగా వచ్చేది తొమ్మిదో తరగతి యామిని. బక్కపలచని పిల్ల. నన్ను పొట్టకు హత్తుకుని గోడవైపు తిరిగి పడుకునేది.

"లెక్కల పరీక్షంటే చాలు, నీకు నొప్పొచ్చేస్తాదేటే?" అనేది మార్తమ్మ.

ఆ పిల్ల నన్ను ఇంకాస్త గట్టిగా అదుముకునేది. అన్నం తింటే క్లాసు మధ్యలో పదేపదే లేచి వెళ్లాల్సొస్తుందని తిండి మానేసింది. ఆ పొట్ట లోపలికి పోవడం నాకు తెలుస్తూనే ఉంది. కానీ ఏం చెప్పను? నోరుంది గాని, దానికి బిరడా ఉంది.

ఒకసారి బడి నర్సులకు జిల్లా ఆసుపత్రిలో శిక్షణ పెట్టారు. మార్తమ్మ విసుక్కుంటూ వెళ్లి, ముభావంగా తిరిగొచ్చింది. వార్డెన్‌తో చెబుతుంటే విన్నాను. కొందరు పిల్లలకు పేగులు ఏళ్ల తరబడి వాచి పుండ్లు పడతాయట. నొప్పి, విరేచనాలు, రక్తం, చిక్కిపోవడం. సిగ్గుతో పైకి చెప్పరట. పెద్దవాళ్లేమో దొంగవేషాలనుకుంటారట.

మర్నాడు యామిని రాగానే ఆమె తలుపేసింది. నా కోసం చెయ్యి చాపలేదు. స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"దొడ్డికెళ్తే రక్తం పడతందా తల్లీ?"

పిల్ల తల దించుకుంది. "రోజూ పడతంది సిస్టరమ్మా. అమ్మకి కూడా చెప్పనేదు," అని వెక్కివెక్కి ఏడ్చింది.

తల్లిని పిలిపించి విశాఖ తీసుకెళ్లారు. పేగులోకి కెమెరా పంపి చూసిన డాక్టర్లు అది ఆ పేగుల వాపు జబ్బే, క్రోన్స్ వ్యాధి అన్నారు. పూర్తిగా పోయే జబ్బు కాదు, మందులతో అదుపులో ఉంచుకోవాలన్నారు.

యామిని తిరిగొచ్చాక నాకు శని పట్టింది. మార్తమ్మ టీచర్ల బాత్రూము తాళంచెవికి నాడా కట్టి ఆ పిల్ల మెడలో వేసింది. "ఎవుర్నీ అడక్కు. లేచి ఎలిపో," అంది. బోడి ఇత్తడి ముక్క! వెచ్చదనం లేదు, మెత్తదనం లేదు. అయినా అది క్లాసుకు వెళ్తుంది, పరీక్షకు వెళ్తుంది. నేను మేకుకు వేలాడుతూ, చుక్క నీళ్లు లేకపోయినా కుతకుత ఉడికిపోయాను. "దానికొక్కదానికే తాళమేటండీ?" అని తోటిపిల్లలు నిలదీస్తే, గట్టిగా అడగండర్రా అనుకున్నాను.

"దానికి అవసరం. నీకొస్తే నీకూ ఇస్తాను," అంది మార్తమ్మ.

మందులు పనిచేసి యామిని బుగ్గలు తేరుకున్నాయి. నాకు మాత్రం ఆ ఘనతంతా తాళంచెవికే పోయినట్టనిపించింది.

మరుసటేడు చుట్టుపక్కల బడుల నర్సులు మా గదిలోనే కూడారు. పేగుల జబ్బు మీద పాఠం మార్తమ్మదే; పక్కన యామిని కూర్చుంది. సగంలో ఒక నర్సు లేచి నిలబడింది. "మా బడిలో ఒక పిల్లని ఇలాగే నొప్పంటే, దొంగేసాలనుకుని ఇంటికి పంపీసినామండి," అంటూ ఆ ఇంటికి ఫోను చేసింది. అవతల పిల్ల పలికింది గాని, ఏం అడిగినా "ఏటీ నేదండి" అనే అంటోంది.

యామిని లేచి చెయ్యి చాపింది. "నాకివ్వండి. ఇదిగో చెల్లీ, నాకూ అలాగే ఉండేది. నేనూ ఏటీ నేదనే అనీదాన్ని. సిస్టరమ్మకి చెప్పీ. ఆసుపత్రికి ఎల్లు."

అవతల ఆ పిల్ల మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది. యామిని "ఊఁ, ఊఁ" అంటూ వింటోంది. నర్సులంతా దగ్గరికి జరిగారు. ఆ కాసేపు నేను తాళంచెవి సంగతే మరిచిపోయాను.

మర్నాటికి కుళ్లు మళ్లీ వచ్చిందనుకోండి.