పై వరుస కుండీలు

"ముందు పై వరుసకు పోయవే. కారిన నీళ్లు ఎలాగూ కిందికే వస్తాయి." కోడలిగా వచ్చిన మొదటి రోజు మా అత్తగారు అంగుస్తియాస్ నాకు నేర్పిన పని ఇది. పొడవాటి గడ చివర డబ్బా కట్టి, నిండా నీళ్లు ముంచి, తలపైకి ఎత్తి, గోడకు వేలాడే కుండీలోకి ఒలక్కుండా వంచాలి. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు, కుండీలు మూడు వందల ఎనభై. ఇప్పుడు నాకు యాభై తొమ్మిది. కుండీలు ఒక్కటీ తగ్గలేదు.

మే నెలలో రెండు వారాలు మా కోర్డోబా ఊళ్లో పూల పండగ, లోగిళ్లన్నీ తలుపులు తెరుస్తాయి. ఎక్కడెక్కడి జనమో వరుస కట్టి వచ్చి పువ్వుల్ని చూసి, ఫోటోలు తీసుకుని పోతారు. పోటీ కూడా ఉంటుంది. మా ఆయన పేరు అసీస్క్లో. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని గుమ్మం పక్కన కుర్చీ వేసుకుంటాడు. "ఇవన్నీ నేనే పెంచాను. పసిపిల్లల్లా సాకాలి మరి" అంటాడు. సొంత పసిపిల్లలకు ఒక్కనాడు ముక్కు తుడిచిన పాపాన పోలేదు మహానుభావుడు! అందరూ ఆహా ఓహో అన్నాక, "చూశారుగా, ఇక కదలండి. వెనక జనం ఉన్నారు" అని సాగనంపుతాడు. నేను రాలిన రేకులు ఊడుస్తుంటాను. నిరుడు ఒకావిడ, "పనిమనిషి కూడా ముచ్చటగా ఉంది, ఫోటోలో ఉండనివ్వండి" అంది. మా ఆయన నవ్వాడు. పనిమనిషి కాదు, నా భార్య అని మాత్రం అనలేదు.

మూడేళ్ల కిందట కుడి భుజం పట్టేసింది. ఆస్పత్రిలో చూసి, లోపల కండ చిరిగిందనీ, ఆపరేషన్ చేస్తే కుదురుతుందనీ చెప్పి ఏప్రిల్‌లో రమ్మన్నారు. "పండగ ముందా? మతుండే అంటున్నావా? చెయ్యెక్కడికి పోతుంది, నీ ఒంటికే ఉంటుందిగా. పండగయ్యాక చూద్దాం" అన్నాడు మా ఆయన. పండగయ్యాక ఎండలు, రోజుకు రెండుసార్లు నీళ్లు. మరుసటి ఏడు అత్తగారి తుంటి విరిగింది. "నీది ఉత్త నొప్పేగా, నాది ఎముకే తల్లీ" అంది. నిజమే కదా అనుకున్నాను. ఎవరేమన్నా నిజమే కదా అనుకోవడం నాకు మొదట్నుంచీ ఉన్న రోగం. ఎడం చేత్తో కుడి మోచేతిని పైకి తోసి పట్టుకుని మూడేళ్లు నీళ్లు పోశాను.

ఇవాళ మధ్యాహ్నం పండగ జనానికి తలుపులు మూసిన వేళ, తల్లీకొడుకులిద్దరూ తిని కునుకు తీస్తుంటే, చెప్పకుండా ఆస్పత్రికి వెళ్లాను. నా కూతురి ఈడు డాక్టరమ్మ స్కాన్ ఫిల్ముల్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇన్నాళ్లూ ఎందుకు రాలేదమ్మా? కండంతా ఎండిపోయింది. ఇప్పుడు కుట్టడానికి ఏమీ మిగల్లేదు."

"మరి చెయ్యి?"

"భుజం దాటి లేవదు. ఇక ఎప్పటికీ అంతే."

జుట్టు ముడేసుకోవడం ఎలా అని అడగబోయి ఊరుకున్నాను. బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. ఈ మూడేళ్లలో ఒక్క జెరేనియం మొక్క కూడా ఎండిపోనివ్వలేదే నేను అని ఏడ్చాను.

దిగేసరికి ఆరు దాటింది. మళ్లీ తలుపులు తీశారు. వరుస వీధి మలుపు దాకా ఉంది. పక్కనుంచి వెళ్లబోతే, "ఏమ్మా, మేమంతా కనబడటం లేదా?" అని ఎవరో కసిరారు. అది మా ఇల్లు అని చెప్పడానికి నోరు తెరిచాను. నిజమే కదా అనుకున్నాను. వెళ్లి చివర నిలబడ్డాను.

నా ముందు సెవీయా ఊరి నుంచి వచ్చిన ఆవిడ వెనక్కి తిరిగి, "పెద్దాయన ఒక్కడే చేసుకుంటాడట ఇదంతా! మా ఆయనైతే తాగిన గ్లాసు కూడా కడగడు" అంది.

"ఈయనా కడగడు" అన్నాను. హాస్యమనుకుని పకపకా నవ్వింది.

గుమ్మం దగ్గర అసీస్క్లో నన్ను చూసి పళ్లు నూరాడు. "ఎక్కడ చచ్చావే? వరుసలో నిలబడటమేమిటి, ఈ నాటకం ఏమిటి? రేపు పోటీ జడ్జీలు వస్తున్నారు, పై వరుస వాడిపోతోంది. ఊ, గడ పట్టు. ఎలా పోస్తామో వీళ్లకూ చూపిద్దాం."

"ముందు పై వరుసకు పోయవే!" లోపల్నుంచి అత్తగారి కేక.

జనం ఫోన్లు పైకెత్తారు. ఆయనే డబ్బా ముంచి గడ నా చేతికిచ్చాడు. ఎత్తాను. భుజం దాకా వచ్చి చెయ్యి ఆగిపోయింది. డబ్బా వాలి నీళ్లన్నీ ఆయన బూట్ల మీద పడ్డాయి.

"ఏమైందే నీకు?"

"చెయ్యి లేవదు. ఇక ఎప్పటికీ లేవదట. ఆస్పత్రిలో చెప్పారు."

ఆయన జేబురుమాలుతో బూట్లు తుడుచుకుంటూ, తలెత్తకుండానే అన్నాడు. "సరేలే, పండగయ్యాక చూద్దాం."

గడను గోడకు ఆనించాను. ముప్పై అయిదేళ్లలో చేతిలో ఏమీ లేకుండా ఈ లోగిలిని చూడటం ఇదే మొదటిసారి. తెల్ల గోడలు, నీలం కుండీలు, ఎర్రెర్రని పువ్వులు. అందంగానే ఉంది. నా చెయ్యిని తినేసినందుకు ఆ మాత్రం ఉండాలి మరి.

సెవీయా ఆవిడ ఇప్పుడు నవ్వడం లేదు. దగ్గరికొచ్చి మెల్లగా, "మీరు ఈ ఇంటివారా?" అని అడిగింది.

"కాదమ్మా, చూడ్డానికే వచ్చాను" అన్నాను. "చూశాను. ఇక కదలాలి, వెనక జనం ఉన్నారు."